కంచె బయట పిడికెడు అన్నం

ప్రొజెక్టర్ వెలుగుకు అడ్డంగా మా అక్క లేచి నిలబడింది. గోడ మీద పడుతున్న ముళ్లకంచె బొమ్మ ఆమె చీర మీద పడింది.

“మా నాన్నని ఎక్కడికి తీసుకుపోనారో అడగవే,” అంది, పక్కనున్న నా కూతురితో.

ఎనభైల మొదట్లో, అమెరికాలో మేముంటున్న పార్సిప్పనీ ఊరి లైబ్రరీ హాలు అది. మాట్లాడుతున్నది అక్కడే తన కూతురింటికి వచ్చి ఉంటున్న ఒక రిటైరైన బ్రిటిష్ సైనికాధికారి. యాభైల్లో, తెల్లవాళ్ల పాలనలోని మలయాలో తిరుగుబాటును అణచడానికి వెళ్లినవాడు. నోటీసులో, మలయాలో మేం పుట్టిన జిల్లా పేరు చూసి, మా ఇంటికొచ్చి ఉన్న అక్కను వెంటబెట్టుకెళ్లాను.

ఆయన ఒక స్లైడులో కుళాయి చూపించాడు, ఒకదానిలో బడి చూపించాడు. కంచె వచ్చేసరికి గొంతు మెత్తబడింది. ఇండియాలో విలేకరిగా ఉన్నప్పుడు చాలామంది మంత్రుల అబద్ధాలు రాసుకున్నాను. ఇంత చక్కగా ఇస్త్రీ చేసినది అరుదు.

“పెద్దమ్మా, ఫెన్స్ మీ సేఫ్టీ కోసం అంట,” అని చెప్పింది నా కూతురు.

“ఎవులి సేఫ్టీ? తుపాకీ మొహం మా వైపే ఉండేది గదేటి!”

మేం రబ్బరు తోటలో తెలుగు కూలీల బిడ్డలం. అడవిలో ఉన్న తిరుగుబాటుదారులకు ఒక్క మెతుకు అందకూడదని పటాలం మా ఇళ్ల చుట్టూ కంచె వేసింది. అన్నం కాపలా మధ్య ఒకేచోట వండి పంచేవారు. దాన్ని గేటు దాటించడం నేరం. పొద్దున్నే పనికి వెళ్లే ఆడవాళ్ల కొప్పులు విప్పించి వెతికేవారు. కొప్పులో దాచిన ముద్దతో సామ్రాజ్యం కూలిపోతుందని వాళ్ల భయం.

ఆ ఏడాది తాత తద్దినం రోజున అమ్మ తన వంతు అన్నంలోంచి కాకికని కొంచెం తీసి పెట్టింది. కాకి ముట్టేదాకా మా ఇంట్లో ఎవరూ తినరు. కానీ ఊసుపోని సిపాయిలు కాకుల మీద గురి చూసుకునేవారు. అందుకని కాకులు కంచె లోపల వాలడం మానేశాయి. నాన్న చాలాసేపు చూసి, పిడికెడు అన్నం పంచెలో దోపుకుని గేటు దాటి, ఒక మొద్దు మీద పెట్టి వెనక్కి తిరిగాడు. పట్టుకున్నారు. లోపలి నుంచి అక్క అంతా చూసింది.

“ఎవరికి?” అని పటాలం దొర అడిగించాడు.

“కాకికి బాబూ.”

దొర నవ్వాడు. పక్కవాళ్లూ నవ్వారు. నవ్వుతూనే నాన్నను లారీ ఎక్కించారు. నిజం చెబితే వదిలేస్తారనుకోవడం ఆయన పొరపాటు. తాను సుమంగళో కాదో తెలియకుండానే అమ్మ చనిపోయింది. అక్కకు కావలసింది ఆ ఒక్క జవాబే.

హాల్లో నా కూతురు అక్క ప్రశ్నను ఇంగ్లీషులో అడిగితే, ఆయన “మంచి ప్రశ్న” అన్నాడు. అలా పట్టుబడినవాళ్లను కొన్నాళ్లు నిర్బంధంలో ఉంచి, మామూలుగా ఇండియాకు ఓడలో పంపేసేవారట.

“మామూలుగానా? మా నాన్న సంగతేటి? ఏ రేవుకి పంపారో అడుగు!”

నా కూతురు అడిగింది. చాలాకాలమైందమ్మా అని ఆయన విచారంగా నవ్వి, స్లైడు మార్చాడు. అధికారుల క్లబ్బు, టెన్నిస్ బ్యాట్లు. ఆ టెన్నిస్‌లో తనతో ఆడిన వాళ్లందరి పేర్లూ ఆయనకు గుర్తున్నాయి. ఒక్కొక్కరినీ చూపించి చెప్పాడు.

అక్క కూర్చోలేదు. మేం బయటికొచ్చేశాం.

మేం ఇండియా చేరాక, పత్రికలో పనిచేసే రోజుల్లోనే నేను విశాఖలో, మద్రాసులో రేవు మనుషులను అడిగాను. నాన్న దిగినట్టు ఎవరూ చెప్పలేదు. అసలు ఓడ ఎక్కించారో లేదో ఇవాళ్టికీ తెలియదు.