చీరల కింద దాచిన అలారం

ఈ వ్యాసం పంపడం ఇది మూడోసారి. మొదటిసారి పంపినప్పుడు మన తెలుగు సంఘం పత్రికవారు అందిందని కూడా చెప్పలేదు. రెండోసారి "ఈ సంచికలో చోటు లేదు, ఏమీ అనుకోకండి" అని ఒక్క లైను రాశారు. ఆ సంచిక తెప్పించుకుని చదివాను. గోంగూర పచ్చడి మీద నాలుగు పేజీలున్నాయి. పచ్చడి మీద నాకు కోపమేమీ లేదు. ఆ పచ్చడికి పోపు పెట్టే స్టవ్ గురించి ఒక్క పేజీ ఎందుకు ఉండకూడదన్నదే నా ప్రశ్న. ఏమీ అనుకోవద్దన్నారు గానీ, నేను అనుకున్నాను. ఇంకా అనుకుంటూనే ఉన్నాను.

పంతొమ్మిదేళ్లుగా నేను అమెరికాలో ఈ ఎడిసన్‌లోనే గ్యాస్ రేంజ్‌లు బాగుచేస్తున్నాను. రేంజ్ అంటే పైన బర్నర్లు, కింద ఓవెన్ కలిసి ఒకటే సామానుగా ఉండే స్టవ్. పార్టీల్లో ఎవరైనా "మీది ఏ టెక్నాలజీ అండీ?" అని అడిగితే "గ్యాస్" అంటాను. అక్కణ్ణుంచి చాలామంది ప్లేటు పట్టుకుని ఇంకో గుంపులోకి వెళ్లిపోతారు. వెళ్లినవాళ్లంతా నాకు గుర్తే. వాళ్లలో సగం మంది ఇళ్లకు తరవాత నేను వెళ్లవలసి వచ్చింది కూడా.

ఇక అసలు సంగతి. 2024 నవంబరులో ఒక శుక్రవారం మధ్యాహ్నం ఓక్ ట్రీ రోడ్డుకు దగ్గర్లో ఒక ఇంటికి వెళ్లాను. ఆ ఎండాకాలంలోనే కొనుక్కున్న ఇల్లు. యజమాని పేరు కార్తీక్ అనుకోండి. అసలు పేరు ఆయనకు తెలుసు, నాకు తెలుసు. చెవిలో హెడ్‌సెట్ తియ్యకుండానే తలుపు తీశాడు. ఆఫీస్ మీటింగ్‌ను మ్యూట్‌లో పెట్టి, వంటగది వైపు చెయ్యి చూపించాడు.

"బ్రదర్, బర్నర్ ఆపకుండా టక్ టక్ మంటోంది. ఆ క్లిక్కింగ్ ఆపేస్తే చాలు. రేపు మా ఆవిడ సీమంతం, ఎనభై మంది వస్తున్నారు."

నాకు యాభై రెండేళ్లు. ఆయనకు ముప్ఫై మూడో నాలుగో. బ్రదర్ ఎలా అయ్యానో తెలియదు. సోఫాలో కాళ్లు చాపుకుని కూర్చున్న ఆయన భార్య శ్రావణి "రండి అంకుల్" అంది. ఏడో నెల అని చూస్తేనే తెలుస్తోంది. ఒకే ఇంట్లో ఒకరికి తమ్ముణ్ణి, ఒకరికి మామయ్యను అయ్యాక ఇంక వాదించేదేముంది.

ఏ బర్నరో నేను అడగలేదు. తెలుగువాళ్ల కొత్త ఇంట్లో అడగక్కర్లేదు. తూర్పు ఎటో చూసుకుని అటువైపు బర్నర్ దగ్గరికి వెళ్తే చాలు. గృహప్రవేశంనాడు పాలు పొంగాలి, తూర్పు వైపే పొంగాలి. పొంగిన పాలు నేరుగా ఇగ్నైటర్ మీద పడతాయి. ఇగ్నైటర్ అంటే నాబ్ తిప్పగానే నిప్పురవ్వ వేసే చిన్న పింగాణీ పుల్ల. దాని చుట్టూ పాలు ఎండి గట్టిపడితే, ఆ తరవాత కాస్త తడి తగిలినా చాలు, అది రవ్వ వేస్తూనే ఉంటుంది. పాలు పొంగించొద్దని నేను ఏనాడూ చెప్పలేదు. పొంగించండి. చల్లారాక బర్నర్ మూత తీసి తుడవండి, కన్నాలు సూదితో శుభ్రం చెయ్యండి, పూర్తిగా ఆరాక మూత సరిగ్గా కూర్చోబెట్టండి అని మాత్రం చెప్తాను. పంతొమ్మిదేళ్లలో అలా చేసినవాళ్లు నలుగురో ఐదుగురో.

స్టవ్ పక్కనే కార్తీక్ వాళ్లమ్మగారు నిలబడి ఉన్నారు. కోడలి పురుడు కోసం తెనాలి నుంచి ఆరు నెలలు ఉండడానికి వచ్చారట. నేను మూత తీసి గీకుతుంటే ఆవిడ రెండు వేళ్లతో కణతలు నొక్కుకుంటూ చూస్తున్నారు. తలనొప్పి మందు వాసన గుప్పుమంటోంది.

"తలనొప్పా పిన్నిగారూ?"

"వారం పది రోజులుగా ఇంతే బాబూ. బీపీ అన్నారు, కళ్లద్దాలు మార్చమన్నారు. మావాడైతే ఇంటి మీద బెంగ అంటాడు. బెంగైతే మనసుకుండాలి గానీ తలకెందుకు? చిత్రం ఏంటంటే, గుడికి వెళ్తే మాత్రం తగ్గిపోద్ది. కారు దిగేసరికి తేలిగ్గా ఉంటది. అంతా ఆ స్వామి దయ."

చేతిలో సూది ఆగిపోయింది. వంటగది కిటికీ అద్దాల మీద చెమట పట్టి, నీళ్లు ధారలుగా కారుతున్నాయి. మోకాళ్ల దగ్గర వేడిగా తగులుతోంది. ఓవెన్ ఆన్‌లో ఉంది, తలుపు ఒక గరిటె అడ్డంపెట్టి సగం తెరిచి ఉంది.

"ఓవెన్‌లో ఏం పెట్టారు?"

"వడియాలు. బూడిదగుమ్మడికాయ వడియాలు. ఎనభై మందికి పప్పులోకి నంజుకోవడానికి ఏదైనా ఉండాలా వద్దా? ఈ ఊళ్లో ఎండ ఏది? ఎండలా కనపడుద్ది గానీ ఎండదు. అందుకని పది రోజుల నుంచి దీంట్లోనే, సన్న సెగ మీద, పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆరబెడుతున్నా."

మన ఇళ్లలో ఓవెన్ అంటే సామాన్యంగా మూకుళ్లు దాచుకునే బీరువా. అలా వాడితే ముందు సామాను తీసి వెలిగిస్తే చాలు, పెద్ద ప్రమాదం లేదు. దాన్ని ఎండ చేసినవాళ్లను అదే మొదటిసారి చూశాను. తలుపు పూర్తిగా తెరిచాను. రెండు ట్రేల నిండా వరసలు తీర్చిన తెల్లటి వడియాలు. వాటి కింద, పిండి కారినా అంటుకోకుండా, ఓవెన్ అడుగంతా ఈ చివర నుంచి ఆ చివరకు అల్యూమినియం ఫాయిల్ పరిచి ఉంది. ఎంత శ్రద్ధగా పరిచారంటే, మడతలు కూడా అంచుల్లోకి దోపారు.

ఓవెన్ అడుగున పక్కల్లో సన్నటి చీలికలుంటాయి. అవి అందం కోసం పెట్టినవి కావు. కింది మంటకు గాలి ఆడేది వాటిలోంచే. వాటిని మూసేస్తే మంటకు గాలి చాలదు, గ్యాస్ సరిగ్గా మండదు, కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పుడుతుంది. గ్యాస్ లీకైతే కుళ్లిన గుడ్ల వాసన వస్తుంది, మనిషికి తెలుస్తుంది. దీనికి వాసన లేదు, రంగు లేదు. తల నొప్పి పుట్టిస్తుంది, కడుపులో తిప్పుతుంది, మగతగా చేస్తుంది. బయటి గాలికి వెళ్తే తగ్గుతుంది. గుడికి వెళ్తే తగ్గినట్టే.

తలెత్తి చూశాను. వంటగది బయట నడవాలో, సీలింగ్ మీద, అలారం ఉండవలసిన చోట ఉత్త ప్లాస్టిక్ చట్రం మాత్రం ఉంది.

"ఇక్కడుండాల్సింది ఏది?"

"ఆ కూసేదా? ఎండుమిరపకాయ మూకుట్లో పడటం ఆలస్యం, ఇంట్లో దొంగలు పడ్డట్టు కూసేది. నేను పెట్టిన పోపు వీధంతటికీ చాటింపు. అబ్బాయే తీసి నాకిచ్చాడు. అల్మారాలో చీరల కింద పెట్టా. అయినా రెండ్రోజులు కూసింది, బ్యాటరీ తీశాక ఊరుకుంది."

ఆ చివరి మాట దగ్గర నేను ఆగాను. పోపు వెయ్యని చోట, చీరల కింద, అది దేనికి కూసినట్టు? బ్యాటరీ అయిపోవస్తోందేమో. అది కాకపోతే? అలారం మీద ఆంగ్లంలో రెండు పదాలుంటాయి, పొగ, కార్బన్ మోనాక్సైడ్ అని. రెండింటికీ ఒకటే పెట్టె. పోపు పొగకు అరుస్తోందని తీసేస్తే రెండో కాపలా కూడా పోతుంది. నేను వెళ్లే తెలుగు ఇళ్లలో ఈ చట్రాలు ఖాళీగా ఎన్ని చూశానో. కొందరు తియ్యకుండా దానికి షవర్ క్యాప్ తొడుగుతారు, అదేదో తెలివైన పని అయినట్టు.

నా సంచీలోంచి ఆ వాయువును కొలిచే మీటరు తీసి ఆన్ చేశాను. అంకె ఆగకుండా ఎక్కింది, మీటరు కూత పెట్టింది. ఓవెన్ ఆపాను, స్టవ్ వెనక ఉన్న గ్యాస్ వాల్వ్ కట్టేశాను, దొరికిన తలుపల్లా తెరిచాను. "అందరూ బయటికి నడవండి, ఇప్పుడే" అన్నాను. పిన్నిగారు వడియాల ట్రే పట్టుకుని రాబోతే చేతిలోంచి తీసి అక్కడే పెట్టాను. ఇంటి ముందు డ్రైవ్‌వేలో నిలబడి అత్యవసర నంబరు 911కి ఫోన్ చేశాను.

అప్పటికి కార్తీక్ హెడ్‌సెట్ తీశాడు. ఆ ఇంట్లో ఆయన చెవులు రెండూ ఖాళీగా చూడటం అదే మొదలు.

"ఏంటి బ్రదర్ ఇది? నేను పిలిచింది క్లిక్కింగ్‌కి."

"క్లిక్కింగ్ పోయింది. మీ అమ్మగారికి, మీ ఆవిడకి ముందు రక్తపరీక్ష చేయించండి."

"గూగుల్ చేసి నేనూ చెప్పగలను ఇవన్నీ. ఓవర్‌గా చేస్తున్నారు మీరు. ఫైర్ ఇంజన్ వస్తే నైబర్స్ ఏమనుకుంటారు?"

"మీరు అలారం తీసి చీరల కింద పెట్టారనుకుంటారు" అన్నాను.

శ్రావణి శాలువా కప్పుకుని మెట్టు మీద కూర్చుంది. చాలా నెమ్మదిగా, "నాక్కూడా వారం నుంచి తలనొప్పే కార్తీక్. ప్రెగ్నెన్సీ వల్ల అనుకున్నా. నీకు చెప్పాను కూడా" అంది. ఫైర్ ఇంజన్ వచ్చింది, నైబర్స్ కూడా వచ్చారు. అగ్నిమాపకవాళ్ల మీటరు నా మీటరు చెప్పిందే చెప్పింది. ఇద్దరు ఆడవాళ్లనూ ఆస్పత్రికి తీసుకెళ్లి కొన్ని గంటలు ఆక్సిజన్ మీద ఉంచారు. బిడ్డకు ఏమీ కాలేదన్నారు.

నేను స్టవ్‌కు రెడ్ ట్యాగ్ కట్టాను. బాగుచేసి మళ్లీ పరీక్షించేదాకా వెలిగించకూడదని చెప్పే ఎర్ర చీటీ అది. ఊరికే కట్టేసి చేతులు దులుపుకోలేదు. మర్నాడు పొద్దున్న ఏడింటికే వెళ్లాను. ఫాయిల్ అంతా పీకాను, ఓవెన్ బర్నర్ శుభ్రం చేశాను, మీటరు పెట్టి గంటసేపు వెలిగించి చూశాను. మంట నీలంగా వచ్చింది, అంకె లేవలేదు. ట్యాగ్ తీసేశాను. సీమంతం అనుకున్న టైముకే జరిగింది. వాళ్లకు వడియాలు తప్ప ఏదీ తక్కువ కాలేదు.

ఆ పొద్దున్న వెళ్లేముందు కార్తీక్‌కు చెప్పాను. పోపు పెట్టేముందే పొయ్యి మీది ఫ్యాన్ వేసుకోండి, గాలిని బయటికి పంపే ఫ్యానే కావాలి. అలారాన్ని వంటగదికి దూరంగా, పడకగదుల బయట పెడితే పోపుకు అరవదు. "ఇవ్వండి, ఇప్పుడే బిగించేస్తాను, నిచ్చెన వ్యాన్‌లోనే ఉంది" అన్నాను.

"నేను పెట్టుకుంటాలే బ్రదర్. గెస్ట్స్ వస్తున్నారు" అన్నాడు.

సోమవారం ఆన్‌లైన్‌లో నా పని మీద కార్తీక్ రివ్యూ వచ్చింది. ఒక్క నక్షత్రం. "చిన్న రిపేరుకు పిలిస్తే భయపెట్టి, ఫైర్ ఇంజన్ పిలిచి, గర్భిణీ స్త్రీని చలిలో కూర్చోబెట్టి, శుభకార్యం ముందు రోజు నానా యాగీ చేశాడు" అని. చదివి ఫోన్ మూసేశాను. మళ్లీ తీసి చదివాను. ఆ రివ్యూ నాకిప్పుడు కామాలతో సహా కంఠతా వచ్చు. జవాబు మూడుసార్లు రాశాను, మర్యాదగానే రాశాను. ఆయన ఒక్కదానికీ పలకలేదు.

అక్కడితో అయిపోతే నేను ఈ వ్యాసం రాసేవాణ్ణి కాదు. కోపం దిగమింగడం నాకు అలవాటే. కానీ ఫిబ్రవరిలో ఒకరోజు పిన్నిగారు కోడలి ఫోన్ నుంచి నాకు ఫోన్ చేశారు.

"మనవరాలు పుట్టింది బాబూ. చెప్పాలనిపించింది. నీ పేరెత్తితే మావాడు ముఖం ముడుచుకుంటాడు, అందుకని వాడు లేనప్పుడు చేస్తున్నా. నా తలనొప్పి ఆ రోజుతో పోయింది. గుడికి వెళ్లకపోయినా రావట్లా."

"సంతోషం పిన్నిగారూ. వడియాలు ఓవెన్‌లో పెట్టట్లేదు కదా?"

"ఒట్టు, దాని జోలికే పోలా. పోపులు మాత్రం ధైర్యంగా పెడుతున్నా. ఇప్పుడు ఆ కూతా లేదు, హాయిగా ఉంది."

"కూత లేదంటే? అలారం దూరంగా బిగించారా, లేక..."

వెనకాల పసిపాప ఏడ్చింది. "ఉండు బాబూ, లేచింది, మళ్లీ చేస్తా" అని పెట్టేశారు. మళ్లీ చెయ్యలేదు. నేను చేస్తే ఎత్తలేదు. కార్తీక్‌కు మెసేజ్ పెట్టాను. చూసినట్టు నీలం గీతలు వచ్చాయి, జవాబు రాలేదు. ఇంకో నాలుగు పెట్టాను. ఒకసారి వాళ్ల వీధిలో పని ఉండి వెళ్తూ తలుపు కొట్టాను. లోపల టీవీ మోగుతోంది, తలుపు మాత్రం తియ్యలేదు.

ఆ కేసు నాకు నేర్పింది ఒకటే. నన్ను ఏ పనికి పిలుస్తారో అది అసలు పని కాదు. చప్పుడు చేసేది పెద్దగా హాని చెయ్యదు. టక్ టక్ మన్న ఇగ్నైటర్ ఎవరికీ తలనొప్పి తేలేదు. చప్పుడు చెయ్యనిదాన్ని కనిపెట్టడానికి ఇంట్లో ఉండేది ఒక్క అలారమే, దాని నోరు మనమే మూస్తున్నాం. ఇంట్లో ఉంటే వచ్చి, బయటికెళ్తే తగ్గే తలనొప్పి మీ ఇంట్లో ఎవరికైనా ఉంటే, బెంగ అనో బీపీ అనో అనుకునేముందు ఓవెన్ అడుగు చూడండి, సీలింగ్ చూడండి.

ఇక కార్తీక్ గారూ. ఈ పత్రిక మీ ఇంటికి వస్తుందని నాకు తెలుసు, మీ టేబుల్ మీద చూశాను. ఆ రివ్యూ నేను మర్చిపోలేదు, మర్చిపోను. కానీ దాన్ని తీసెయ్యమని ఈ రోజు అడగడం లేదు. నన్ను బ్రదర్ అనండి, ఓవర్ చేశాడనండి, ఇంకో నక్షత్రం తగ్గించే వీలుంటే తగ్గించండి. మీ పాప పడుకునే గది బయట ఆ అలారం బిగించారా, లేక అది ఇంకా చీరల కిందే ఉందా? ఫిబ్రవరి నుంచి అడుగుతున్నాను. బిగించాం అనో, లేదు అనో ఒక్క మాట రాయండి. లేదంటే నిచ్చెన పట్టుకుని నేనే వస్తాను. ఈసారైనా తలుపు తియ్యండి.