కొల్లేటి మధ్యలో రోమింగ్

మావారిది తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల హోల్‌సేల్ వ్యాపారం. నేను ఆ దగ్గర్లోనే ఒక కాలేజీలో కంప్యూటర్లు చెబుతాను. ఇద్దరికీ కలిసే ఇష్టాలు తక్కువ. ఉన్న ఒక్కటీ కొల్లేటి పక్షులు. చలికాలం వచ్చిందంటే ఏదో ఒక ఆదివారం పొద్దున్నే వెళ్ళి గూడబాతుల్ని చూసి రావలసిందే.

ఆసారి ముందురోజే ఏలూరు వెళ్ళి మా అక్క ఇంట్లో దిగాం. అక్క అక్కడ ఒక ఆసుపత్రిలో నర్సు. తెల్లవారి బయల్దేరేసరికి నా ఫోనులో ఛార్జింగు లేదు. దాన్ని అక్క ఇంట్లోనే ఉంచి, లినక్స్‌తో నడిచే నా బుల్లి కంప్యూటరు యంత్రాన్ని చేతిసంచిలో వేసుకున్నాను. అది చూడటానికి ఫోనంత ఉంటుంది, కింద చిన్న చిన్న మీటల కీబోర్డు. దాంట్లో సిమ్ము వేసుకోవచ్చు, ఇంటర్నెట్ వస్తుంది, కానీ ఫోన్ కాల్ చేయడం మాత్రం దానికి చేతకాదు. ట్రైనింగు కోసం కొన్నాళ్ళు బెంగళూరులో ఉన్నప్పుడు కొన్నాను. సిమ్ము కూడా అక్కడిదే. గూడెం వచ్చాక ఇంట్లోనూ కాలేజీలోనూ వైఫై ఉండటంతో ఆ సిమ్ముతో ఎప్పుడూ పనిపడలేదు, రీచార్జి మాత్రం చేయిస్తూనే ఉన్నాను. మావారు ఆ యంత్రాన్ని "నీ బొమ్మ" అనేవారు.

కైకలూరు వెళ్ళే దారిలో ఒక లంక ఊరి గట్టున కారు ఆపి ఇంజను పడవ మాట్లాడుకున్నాం. పడవ నడిపే ఆయనకి నలభై దాటి ఉంటాయి. నెమ్మదైన మనిషి. గట్టు మీద ఆయన భార్య టీ కొట్టు నడుపుతోంది. ఆయన తన ఫోను ఆమె చేతికిచ్చి, "నీళ్ళలో ఇదెందుకండీ, తడిసిపోద్ది," అంటూ పడవెక్కాడు.

చాలా దూరం వెళ్ళాక, గుర్రపుడెక్క దట్టంగా అల్లుకున్న చోట ఇంజను ఫ్యానుకి తీగలు చుట్టుకుని పడవ ఆగిపోయింది. ఆయన కంగారుపడలేదు. "ఇది మామూలేనండీ," అని వెనక్కి వంగి తీగలు తెంపాడు. తర్వాత పడవని లాగడానికి పక్కనున్న కిక్కిస గడ్డి దుబ్బుని రెండు చేతులతో పట్టుకుని గుంజాడు. ఆ దుబ్బులో కందిరీగల తుట్టె ఉంది.

ముందు చప్పుడు వినిపించింది. ఏమిటా అని చూసేలోపే ఆయన తల చుట్టూ నల్లగా కమ్ముకున్నాయి. ఆయన అరవలేదు. ముఖం మీద చేతులు అడ్డం పెట్టుకుని నీళ్ళలోకి దూకేశాడు. మావారు నన్ను కిందికి తోసి, పడవలో ఉన్న టార్పాలిన్ ఇద్దరిమీదా లాగారు. ఆ పెనుగులాటలో మావారి చేతిలోని ఫోను నీళ్ళలో పడింది. దాన్ని గురించి ఆలోచించే స్థితిలో లేం. టార్పాలిన్ కింద మా ఊపిరి మాకే వినిపిస్తోంది. నా మోచేతి మీద ఒకటి, మావారి మెడ మీద ఒకటి కుట్టాయి. నిప్పు పెట్టినట్టుంది.

చప్పుడు తగ్గాక బయటికి చూశాం. పడవాయన ఛాతీలోతు నీళ్ళలో పడవ అంచు పట్టుకుని నిలబడి ఉన్నాడు. అప్పటిదాకా మాతో మాట్లాడిన ముఖం అది కాదు. కళ్ళు కనిపించడం లేదు. పెదాలు వాచి బయటికి వచ్చాయి. ఇద్దరం చంకల కింద చేతులు వేసి పైకి లాగాం. పడవలో కూలబడి, గొంతు పట్టుకుని ఏదో అనబోయాడు. మాట రాలేదు. ఊపిరి తీస్తుంటే ఈల వేసినట్టు వినిపించింది.

నేను కొయ్యబారిపోయాను. మావారు గెడ తీసుకుని పడవ తొయ్యబోయారు. ఆయనకి అలవాటు లేదు. పడవ ఉన్నచోటే తిరిగింది. ఇంజను తిప్పితే మళ్ళీ తీగలు చుట్టుకున్నాయి. గెడ కింద పెట్టేసి, "నీ బొమ్మ తియ్యి," అన్నారు. ఆ మాటకి కదిలాను.

తెర మీద పక్కన సిగ్నల్ గీతలు కనిపిస్తున్నాయి. సన్నగా ఉన్నాయి గానీ ఉన్నాయి. వాటి పక్కన రోమింగ్ అని గుర్తు. కనెక్ట్ చేస్తే కాలేదు. ఇంకోసారి చేశాను, మళ్ళీ అంతే. సిగ్నల్ బలహీనంగా ఉందేమోనని పడవ బల్ల మీద నిలబడి చెయ్యెత్తి చూశాను. కాలేదు.

"ఏమైందే?"

"ఉండండి, చూస్తున్నాను."

ఆదేశాలు టైపు చేసే టెర్మినల్ తెరిచి, ఎందుకు కుదరలేదో అదేం చెబుతోందో చదివాను. రోమింగులో కనెక్షన్‌కి అనుమతి లేదంది. అంటే టవరు దొరికింది, సిమ్ము దాంతో మాట్లాడుతోంది, మా యంత్రమే తలుపు వేసుకుని కూర్చుంది. సిమ్ము సెట్టింగులన్నీ తెర మీదికి తెప్పించాను. వాటిలో ఒకటి, సొంత నెట్‌వర్క్ ఉన్నచోటే కనెక్ట్ అవ్వాలా అన్నది. దాని ఎదురుగా అవును అని ఉంది. పొరుగు రాష్ట్రపు సిమ్ముకి ఇది పరాయి చోటు. ఆ అవునుని కాదుగా మార్చాలి. ఒక్క వరుస ఆదేశం. క్లాసులో ఇలాంటివి రోజూ కొట్టిస్తాను. ఇక్కడ మాత్రం రెండుసార్లు తప్పు కొట్టాను. నా వెనక ఆ ఈల సన్నబడుతోంది.

మూడోసారి సరిగ్గా పడింది. కనెక్షన్ ఆపి మళ్ళీ మొదలుపెట్టాను. ఈసారి కనెక్ట్ అయింది.

అక్కకి మెసేజి పెట్టాను. కొల్లేట్లో ఉన్నాం, పడవాయనకి కందిరీగలు కుట్టాయి, ఊపిరి ఆడటం లేదు, ఫోన్లు లేవు అని. మేమున్న చోటు యంత్రంలోని జీపీఎస్ చూపిన అంకెల్లో పంపాను. వెంటనే జవాబు వచ్చింది. "కూర్చోబెట్టి ఉంచు. నిలబెట్టొద్దు. 108కి చెబుతున్నా. మీ దగ్గరికి పడవ ఎవరు తేగలరు?"

నాకు తెలిసింది గట్టు మీద ఆయన భార్య ఒక్కతే. నంబరు తెలీదు. పడవాయన ముందు మోకాళ్ళ మీద కూర్చుని, "మీ ఆవిడకి చెప్పాలండీ. నంబరు చెప్పగలరా?" అన్నాను. ఆయన చెయ్యి చాచాడు. మొదట అర్థం కాలేదు. యంత్రం కోసం అని తెలిసి అందించాను. వాచిన కనురెప్పని ఒక చేత్తో పైకెత్తి పట్టుకుని, ఇంకో చేతి వేలితో ఒక్కో అంకే నొక్కాడు. ఆ మీటలు నా వేళ్ళకే ఇరుకు. ఆయన ఒక్కటి కూడా తప్పు కొట్టలేదు. ఆ నంబరు అక్కకి పంపాను.

ఆ తర్వాత ఎంతసేపు ఎదురుచూశామో నాకిప్పటికీ అంచనా లేదు. మావారు ఆయన వెనక కూర్చుని తన ఛాతీకి ఆనించుకుని, "వస్తున్నారండీ, వచ్చేస్తున్నారు," అని అదే మాట అంటూ ఉన్నారు. పడవ చప్పుడు వినిపించేసరికి పడవాయన తల వాలిపోయింది.

పడవలో ఆయన భార్య, ఆమె తమ్ముడు వచ్చారు. ఆమె ఏడవలేదు, మమ్మల్ని ఏమీ అడగలేదు. మా పడవలోకి దిగి భర్త ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. అలా పెట్టిన వేలు చాలాసేపు తియ్యలేదు. వాళ్ళ పడవలో గట్టుకి చేరేసరికి 108 సిద్ధంగా ఉంది. అక్కడే ఇంజక్షన్ చేశారు. ఏలూరు చేరేసరికి ఆయన మూలగడం మొదలుపెట్టాడు. ఇంకాస్త ఆలస్యమైతే చెయ్యడానికేమీ ఉండేది కాదని డాక్టరుగారు మామూలు గొంతుతో చెప్పి పక్క మంచం దగ్గరికి వెళ్ళిపోయారు. 

మర్నాడు వార్డుకి వెళ్ళాం. ముఖం వాపు కొంచెం తీసింది. ఆయన నిద్రపోతున్నాడు. ఆమె స్టూలు మీంచి లేచి నన్ను కూర్చోమంది. తనే మొదలుపెట్టింది.

"మీ అక్కగారు ఫోను చేసినప్పుడు నాకు వేరేగా అర్థమైందండీ. ఎవరో తెలీని ఆడమనిషి, మీ ఆయన మాట్లాడలేకపోతున్నారు, ఉన్న చోటు మీ ఫోనుకి పంపాను, పడవ తీసుకుని తొందరగా వెళ్ళండి అంది. ఇలాంటి కబురు అలా మెల్లగానే చెబుతారు కదండీ. అయిపోయాడనుకున్నాను. ఇంట్లోకెళ్ళి కొత్త దుప్పటి తీసుకుని పడవెక్కాను, కప్పడానికి. దారిలో మా తమ్ముడికి కూడా చెప్పలేదండీ. పడవ దగ్గరికొచ్చాక, మీ ఆయనగారి ఒళ్ళో ఈయన్ని చూసినా నమ్మలేదు. వేలు పెట్టి చూశాక కూడా, నా వేలే వణుకుతోందేమో అనుకున్నాను."

 మావారు కిటికీ వైపు తిరిగి నిలబడ్డారు. ఆమె మంచం మీదికి వంగి, భర్త కాళ్ళ మీద నుంచి జారిన దుప్పటిని పైకి లాగి సర్దింది. మడత మచ్చలింకా పోని కొత్త దుప్పటి.