మావయ్య ఇంజన్ ఆపే చోటు

పడవ నడిపే మా మావయ్య పోయాడన్న కబురు అత్త ఫోన్లో రెండే ముక్కల్లో చెప్పింది. "మీ మావ ఎల్లిపోనాడమ్మీ. నువ్వు రా." అప్పుడు నేను పోర్ట్ క్లాంగ్ ఓడరేవు గోదాములో కంటైనర్ల కాగితాలు పట్టుకుని నిలబడి ఉన్నాను. ఏడుపు రాలేదు. ముందు గుర్తొచ్చినవి నా బీరువాలో ఏడాదిగా పడి ఉన్న ఆయన నోటుపుస్తకాలు. సిగ్గుతో తల ఎత్తుకోలేకపోయాను.

మావయ్య మా అమ్మకు అన్న. మా తాతలు ఈ మలయ్ దేశానికి కూలికొచ్చిన రబ్బరు ఎస్టేటు మూతపడ్డాక బంటింగ్ ఊరికి వచ్చి, నది సముద్రంలో కలిసే చోట చిన్న పడవ ఒకటి పెట్టుకున్నాడు. చేపల వేట ఆయనకు అబ్బలేదు. అస్థికలు కలపడానికి వచ్చే మనవాళ్లని నీళ్లలోకి తీసుకెళ్లడమే ఆయన పని. చెప్పులు ఒడ్డున విడిచి, ఇన్ని నీళ్లు కళ్లకద్దుకుని గాని పడవ ఎక్కేవాడు కాదు. "పువ్వులు నీళ్లలో ఎయ్యండి. పిలాస్టిక్ కవరు మాత్రం నా సేతికి ఇయ్యండి," అని ప్రతి ఇంటివాళ్లకీ చెప్పేవాడు.

ఆ నదీముఖంలో గుండ్రటి తలల డాల్ఫిన్లు ఉండేవి. మలయ్‌లో లుంబా-లుంబా అంటారు. మావయ్యకు అవి లుంబాలు.

ఒకసారి ఒక చిన్న వయసు అమ్మాయి భర్త అస్థికల కుండను గుండెలకు హత్తుకుని ఎంతకీ వదల్లేదు. సరిగ్గా అప్పుడే ఒక లుంబా తల పైకెత్తి ఊపిరి వదిలింది. "సూడమ్మా, నిన్ను సూడ్డానికి వచ్చినాడు. ఇంక పంపీ," అన్నాడు మావయ్య. ఆ పిల్ల కుండ వదిలింది. జాలికొద్దీ అన్న మాట అది. అంతే.

ఆ మాట క్లాంగ్ దాకా పాకింది. పిండం దగ్గర కాకి కోసం చూసినట్టు జనం లుంబా కోసం చూడడం మొదలుపెట్టారు. రాకపోతే పోయినవాళ్లకు తీరని కోరిక ఏదో మిగిలిందని బెంగ. వచ్చేదాకా కదలరు. మోటారు పడవలు పెరిగాయి. కనిపించిన దాని వెంట తరుముకుంటూ తిప్పేవారు, అన్నం ముద్దలు కవర్లతో సహా విసిరేవారు. లుంబాలు తగ్గిపోయాయి. "నీ నోరే వాటిని తరిమీసినాది," అని అత్త కోప్పడేది. మావయ్య "అవునే, నేనే సేసినాను," అనేవాడు.

అప్పటినుంచి నదీముఖానికి ఎంతో ముందే ఇంజన్ ఆపేసి తెడ్డు వేసేవాడు. ఎవరైనా లుంబా గురించి అడిగితే, "అది అబద్ధం బాబూ. నేనే ఆడినాను," అని ఒప్పుకునేవాడు. నమ్మేవారు కాదు. ఆ నీళ్లలోకి మోటారు పడవలు రాకుండా సంరక్షిత ప్రాంతం చేయమని ఆఫీసుల చుట్టూ తిరిగాడు. ఆధారాలు మలయ్‌లో రాసి తెమ్మన్నారు. ఆధారాలకేం, బోలెడు. ఏ రోజు, ఏ పోటులో ఎన్ని కనిపించాయో ఎస్టేటు బడిలో నేర్చిన తెలుగులో రాసుకున్నాడు. ఆయన పిల్లలకు తెలుగు వినడమే వచ్చు, చదవడం రాదు. అందుకని మలయ్‌లోకి మార్చి రాయమని పుస్తకాలు నాకిచ్చాడు.

వచ్చే వారం అన్నాను. దీపావళి పోయింది, చైనా కొత్త సంవత్సరం పోయింది.

"ఏటమ్మీ, అయినాదా?"

"పని ఎక్కువ మావా. ఈ వారం చేస్తాను."

"తీరిక ఉన్నప్పుడే సెయ్యి. అవి ఆగుతాయో లేదో మరి."

ఆయన పోయాక నాలుగు రోజులు కూర్చుంటే మొత్తం అయిపోయింది. నాలుగే రోజులు! ఈ ఏడాదంతా ఆయన రాసి, అత్త నా చేతికిచ్చిన చివరి పుస్తకంలో లుంబాలు మూడు, రెండు, ఒకటి. ఆ తర్వాత పేజీల నిండా "ఈరోజు ఏటీ లేదు." తీసుకెళ్లి ఇస్తే, చదివిన అధికారి మర్యాదగానే అడిగాడు, ఏమీ మిగలని చోట దేన్ని కాపాడమంటారని. లేచి వచ్చేశాను. ఏడాది ముందు ఇచ్చి ఉంటే ఏమయ్యేదో నాకు తెలియదు. తెలుసుకునే దారి కూడా ఇక లేదు.

అయినా ఆ నాలుగు రోజులు కూర్చున్నది నీళ్లమీద మాటిచ్చాను కాబట్టి. మావయ్య అస్థికలు కలిపిన రోజున ఆయన పడవలోనే వెళ్లాం. ఆయన ఆపే చోటే ఆయన కొడుకు ఇంజన్ ఆపాడు. కుండ నీళ్లలో మునిగింది. బంతిపూలు విడివిడిగా తేలుతూ సముద్రంవైపు వెళ్లిపోయాయి. ఇక తిరుగుదామనుకుంటుంటే, ఆ అబద్ధం మీద జన్మంతా మొగుణ్ని తిట్టిన అత్త నా చెయ్యి పట్టుకుంది.

"ఇంకాసేపు సూద్దారి."

చూశాం. ఎండ నెత్తికెక్కింది.

"ఏటో కోరిక ఉండిపోనాదమ్మీ మీ మావకి. ఏటది? నీకు తెలుసా?"

నాకు తెలుసు. కాకి ముట్టకపోతే పెద్దలు చేసినట్టే నీళ్లవైపు చేతులు జోడించాను. "మావా, నీ పుస్తకాలు రాసి ఇస్తాను. ఈసారి నిజంగా ఇస్తాను," అని గట్టిగా అన్నాను.

నీళ్లు కదల్లేదు. ఆయన కొడుకు తెడ్డు అందుకున్నాడు. అత్త మాత్రం మాకు వీపు పెట్టి, పడవ ఒడ్డు తగిలేదాకా ఆ నీళ్లవైపే చూస్తూ కూర్చుంది.