యలమందయ్య అండ్ ఫ్యామిలీ

మా ఆయన పేరు యలమందయ్య. ఇలా రాయడమే గానీ నోటితో ఎన్నడూ అనలేదు. మా వైపు ఆడవాళ్ళు మొగుడి పేరు పలకరు, పలికితే ఆయుష్షు తగ్గుతుందంటారు. సరే, ఆయన ఆయుష్షు కోసం నేను నోరు మూసుకున్నాను. మరి నా పేరు పలకడానికి ఆయనకేం రోగం? పెళ్ళయి ఇరవై రెండేళ్ళయింది, ఒక్కనాడు పేరుపెట్టి పిలిస్తే ఒట్టు. ‘ఇదుగో.’ అంతే. మంచినీళ్ళు కావాలన్నా ఇదుగో, చేలో పాము కనపడినా ఇదుగో. పైవాళ్ళతో చెప్పాల్సొస్తే ‘మా ఫ్యామిలీ.’ ఒకసారి చిలకలూరిపేటలో కొత్త డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి, “మా ఫ్యామిలీకి జొరమండీ” అన్నాడు. ఆ డాక్టరు పెన్ను తీసి, “ఎంతమందికి?” అని అడిగాడు. పక్కనే దుప్పటి కప్పుకుని ఉన్నాను నేను, ఒక్కదాన్నే.

అసలు నా పేరుకే ఒక కథ ఉంది. నేను పుట్టింది కోటప్పకొండ కింద ఊళ్ళో. కొండమీది కోటయ్యకు మొక్కుకుంటే పుట్టానని మా నాన్న కోటిరత్నం అని పెట్టుకున్నాడు. పందొమ్మిదేళ్ళు ఆ పేరుతోనే పెరిగాను. తీరా సంబంధం కుదిరాక తెలిసింది, మా అత్తగారి పేరు కూడా కోటిరత్నమేనని. అత్త పేరే కోడలికీ ఉంటే ఇంట్లో ఎలా పిలుస్తారు? కన్నకొడుకు తల్లి పేరుతో పెళ్ళాన్ని కేకేస్తాడా? పెళ్ళిపీటల దగ్గరే మా అత్త తేల్చేసింది. “అమ్మాయిని మల్లేశ్వరి అని పిలుద్దాం” అంది. అన్నాలవేళకల్లా నేను మల్లేశ్వరినైపోయాను. రేషను కార్డులో మల్లేశ్వరి, ఓటరు లిస్టులో మల్లేశ్వరి, ఊరందరికీ మల్లేశ్వరి. మా ఆయనకు మాత్రం ఇదుగో.

మా అత్తను తప్పుపట్టను. నన్ను పల్లెత్తు మాట అనని మనిషి. ఈ ఏడు మాఘంలో కాలం చేసింది. ఇంట్లో ఆయనా నేనూ మిగిలాం, మా అమ్మాయి అఖిల గుంటూరులో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. ఇల్లంతా కలిపి ఇద్దరమే మనుషులం కదా, ఇక ‘ఇదుగో’ అంటే నేను కాక గొడ్డూగోదా పలుకుతాయా అనుకున్నాడో ఏమో, మార్పేమీ లేదు.

జూలైలో ఆయన పత్తికి పురుగుమందు కొంటే డబ్బాతో పాటు గీకే కార్డు ఒకటి ఇచ్చారు. కొట్టు అరుగుమీదే కూర్చుని గోటితో గీకాడు. ‘మొదటి బహుమతి: దంపతులకు మూడు రోజుల అరకు యాత్ర.’ కొట్టువాడు చేతులు కలిపి అభినందిస్తుంటే మా ఆయన మొహం వేలాడేశాడట. ఇంటికొచ్చి గొణుగుడు.

“రెండో బహుమతి పవర్ స్ప్రేయరంట. అది చలమయ్యకు తగిలింది. మొదటిది తగలాల్సిన ఖర్మేంది నాకు?”

చలమయ్య మా పక్క చేను రైతు, వరసకు మేనల్లుడు. వాడి దగ్గరికి పోయి మార్చుకుందామని బతిమాలాడు. వాడు వింటాడా? “ఆ స్ప్రేయరు నాకు పెళ్ళాం కంటే ఎక్కువ మామా, ఇవ్వను” అన్నాడట. మా ఆయన తిరిగొచ్చి నా మీద పడ్డాడు.

“కొండ చూడాలంటే మీ కోటప్పకొండ లేదా? ఆగస్టులో పత్తి వదిలిపెట్టి పోయే మొనగాడెవడన్నా ఉంటాడా?”

“మీరు గీకిన కార్డుమీద కోటప్పకొండ అని లేదు. వెళుతున్నాం” అన్నాను.

అసలు సంగతి చెబుతాను. కొండల మీద నాకేం మోజు లేదు. కొండ కిందే పుట్టాను, తిరునాళ్ళ తిరునాళ్ళకూ ఎక్కాను. కానీ ఈ ఇంట్లో, ఈ చేలో ఉన్నంతకాలం ఆయన నోటికి నా పేరు రాదు. ఊరు దాటించి, తెలిసిన మొహం లేనిచోట మూడు రోజులు నా పక్కన కూర్చోబెడితే ఒక్కసారైనా అనడా అని ఆశ. కోటిరత్నం ఎటూ పోయింది, కనీసం మల్లేశ్వరీ అన్నా చాలు. మూడు రోజుల్లో అనకపోతే ఇక ఈ జన్మకు ఆ ఊసెత్తకూడదని నాకు నేనే ఒట్టు పెట్టుకున్నాను. నలభై ఒక్కేళ్ళు వచ్చిన దానికి ఇదేం పిచ్చని మీరు నవ్వుకోవచ్చు. నవ్వుకోండి.

ఆగస్టు పదిహేను శుక్రవారం వచ్చింది, పైన శని ఆదివారాలు. గుంటూరులో పొద్దున విశాఖపట్నం రైలెక్కాం. సీటులో కూర్చున్నాక సంచీలోంచి ఒక ప్లాస్టిక్ కవరు తీశాడు. ఫలహారమేమో అనుకున్నాను. పత్తి ఆకులు!

“ఇవెందుకండీ?”

“పచ్చదోమ పట్టింది. వైజాగులో వ్యవసాయం తెలిసినోడెవడన్నా తగిలితే చూపిద్దామని.”

పెళ్ళికెళుతూ పిల్లిని చంకన పెట్టుకుపోయినట్టు, పచ్చదోమను వెంటపెట్టుకుని అరకు ప్రయాణం! ఏలూరు దాటేలోపు ఎదుటివాళ్ళందరికీ ఆ ఆకులు చూపించేశాడు. అందులో ఒకాయన బ్యాంకు ఉద్యోగి, ఇంకొకాయన లెక్కల మాస్టారు. ఇద్దరూ చెరొక మందు పేరు చెప్పారు.

రాజమండ్రి దగ్గర గోదావరి వచ్చింది. అందరూ కిటికీల దగ్గరికి చేరారు. ఇదే సమయమని నేను మెల్లగా అడిగేశాను.

“ఏవండీ, ఒక్కసారి నన్ను పేరుపెట్టి పిలవకూడదూ?”

ఆయన నావైపు తేరిపార చూశాడు. నిజంగానే ఆశ్చర్యపోయాడు.

“ఎదురుగానే కూచున్నావుగా! పిలవడమెందుకు?”

గోదావరి మొత్తం వెళ్ళిపోయేదాకా నేను కిటికీవైపు తిరిగే ఉన్నాను. ఆయన మాత్రం, “ఈ నీళ్ళన్నీ సముద్రంలోకే గదా” అని బాధపడ్డాడు.

శనివారం కొండల రైలెక్కాం. లోయలు, సొరంగాలు, మబ్బులు కిటికీలోకి వచ్చి మొహానికి తగలడం. సొరంగం వచ్చినప్పుడల్లా పిల్లలు ఈలలు వేస్తున్నారు, కొత్త దంపతులు ఒకరికొకరు దగ్గరగా జరుగుతున్నారు. వాన ఒకటే వాన. ప్రతి కొండమీంచీ తెల్లగా జలపాతం దూకుతోంది. నా ప్రాణం లేచొచ్చింది. పక్కనుంచి నిట్టూర్పు.

“ఇంత వాన రాళ్ళమీద పడి ఏం లాభం? పోయినేడు మనకు ఒక్క చినుకు రాలిందా? ఇక్కడ చూడు, దండగ.”

జలపాతం కనపడినప్పుడల్లా “దండగ” అన్నాడు. నేను పదకొండు దండగలు లెక్కపెట్టి మానేశాను.

అరకులో దిగగానే ఎస్టీడీ బూతులోకి దూరి చలమయ్యకు ఫోను. మబ్బు పట్టిందా, మిరప నారుకు నీళ్ళు పెట్టావా, స్ప్రేయరు నా చేలో కూడా ఒకసారి కొట్టకూడదా. అక్కణ్ణుంచి లాడ్జికి. బహుమతి కాగితంలో మా ఆయన స్వయంగా నింపి పంపిన పేరు ఏమిటో తెలుసా? ‘యలమందయ్య అండ్ ఫ్యామిలీ.’ లాడ్జివాళ్ళు ఎవరో ఒరిస్సా వైపు వాళ్ళు. మా ఇద్దర్నీ చూసి, మా వెనక గుమ్మంవైపు చూసి, “మిగతా ఫ్యామిలీ ఎప్పుడొస్తారండీ?” అని అడిగారు. మాకోసం ఆరు మంచాల గది తీసిపెట్టారు. వాళ్ళకేం తెలుసు, మిగతా ఐదుగురూ నేనేనని!

“నా పేరు రాస్తే మీ సొమ్మేం పోయింది?” అని అరిచాను.

“ఫ్యామిలీ అంటే నువ్వే గదా. అందరికీ తెలిసిందేగా” అన్నాడు. అని, మిగిలిన నాలుగు మంచాల మీదా పత్తి ఆకులు విడివిడిగా ఆరబెట్టాడు. వానకు మెత్తబడ్డాయట.

ఆ సాయంత్రం లాడ్జిలో దిగినవాళ్ళందర్నీ కాఫీ తోటలోకి తీసుకెళ్ళారు. అందరూ ఫోటోలు దిగుతుంటే మా ఆయన కాఫీ మొక్క ముందు గొంతుకు కూర్చుని ఆకులు తిరగేసి చూస్తున్నాడు. కాపలావాడు వచ్చి కేకలేస్తే, “పెంచేది నీడలో, పురుగేమీ లేదు, అదృష్టవంతులయ్యా” అని వాడి భుజం తట్టి వచ్చాడు. నాతో ఒక్కమాట లేదు. ఇదుగో అని కూడా అనలేదు, అంత పరధ్యానం. దున్నపోతు మీద వాన కురిసినట్టు, ఆ మనిషితో ఏం చెప్పి ఏం లాభం?

ఆదివారం ఆఖరి రోజు. మధ్యాహ్నం తిరుగు ప్రయాణం, మధ్యలో బొర్రా గుహలు. సెలవులు కలిసొచ్చాయని రాష్ట్రమంతా అక్కడే దిగినట్టుంది. మెట్లమీద కాలు పెట్టే సందు లేదు. లోపల చీకటి, జారుడు, పైనించి చుక్కచుక్కగా నీళ్ళు. ఒక గోడ దగ్గర ఆగి ఆయన ఆ చుక్కలకింద అరచెయ్యి పెట్టాడు. “చుక్కచుక్కగా ఒకచోటే పడతన్నాయి చూడు. ఇట్టా పైపు పెట్టి మొక్కకు వదిలితేనా” అని మొదలుపెట్టాడు. నేను వినకుండా నాలుగడుగులు ముందుకు నడిచాను. వెనక్కి తిరిగేసరికి ఆయన లేడు.

అటు చూశాను, ఇటు చూశాను. జనం తోసుకుంటూ నన్ను ముందుకు తీసుకుపోతున్నారు. పేరుపెట్టి పిలవలేను కదా, గొంతు చించుకుని “ఏవండీ!” అన్నాను. గుహంతా “ఏవండీ, ఏవండీ” అని మారుమోగింది. కనీసం ముప్ఫై మంది మగాళ్ళు తిరిగి చూశారు. ఒక బట్టతల పెద్దమనిషి తిరగనైనా తిరక్కుండా, “వస్తున్నానే, చంపకు” అన్నాడు. ఆ ముప్ఫై మందిలో మావాడు లేడు.

ఎలాగో పైకొచ్చిపడ్డాను. మోకాళ్ళు పీకుతున్నాయి. మొక్కజొన్న పొత్తులు కాల్చి అమ్మే ఒకావిడ తన బల్లమీద కాస్త చోటిచ్చింది. నాకు ఏడుపొచ్చింది, దానికంటే ముందు కోపమొచ్చింది. నేను వెతకను, ఆయనే వెతుక్కోనీ, ఎట్టా వెతుక్కుంటాడో చూస్తాను అనుకున్నాను. ఇన్ని వేల మందిలో ‘ఇదుగో’ అంటే ఎవరు పలుకుతారు?

గంటో ముప్పావుగంటో గడిచాక టిక్కెట్ల దగ్గర మైకు గరగరమంది.

“గుంటూరు జిల్లా నుంచి వచ్చిన కోటిరత్నం గారు, కోటిరత్నం గారు, ఎక్కడున్నా టిక్కెట్ కౌంటర్ దగ్గరికి రావాలి.”

నా అరికాలి మంట నెత్తికెక్కింది. మా అత్త పేరు! తప్పిపోయింది పెళ్ళామైతే, ఈ మహానుభావుడు కంగారులో తల్లి పేరు చెప్పాడు! నా పేరే గుర్తు లేదన్నమాట. ఇరవై రెండేళ్ళ కాపురం చేసి, ఆఖరికి నేను ఆ మనిషికి పేరు లేని దాన్ని.

“ఆ పేరు మీదేనా అమ్మా?” అంది పొత్తులావిడ.

“కాదు. మా అత్తగారిది.”

“మరి ఆవిడ ఎక్కడున్నారు?”

“చచ్చిపోయింది.”

ఆవిడ విసురుతున్న విసనకర్ర ఆగిపోయింది.

అంతలో మళ్ళీ మైకు. ఈసారి కౌంటరు మనిషి గొంతు కాదు.

“కోటిరత్నమా! కోటిరత్నం! నేను. ఇక్కడ, మైకు కాడున్నా. ఎక్కడున్నావు? రా.”

గొంతు వణుకుతోంది. అరవడం తప్ప వణకడం ఎరగని గొంతు అది. లేచాను. పోయి నాలుగు దులపాలనే లేచాను.

కౌంటరు దగ్గర చొక్కా తడిసి, ఒక చెప్పు పోగొట్టుకుని నిలబడి ఉన్నాడు. చేతిలో పత్తి ఆకుల కవరు లేదు. నన్ను చూసి కౌంటరు గోడకు చేరబడిపోయాడు.

“తప్పిపోయింది నేనైతే మీ అమ్మను పిలుస్తారేంటి?” అని జనంలోనే కడిగేశాను.

“అమ్మనెందుకు పిలుస్తా? నిన్నే పిలిచా.”

“నేను మల్లేశ్వరిని.”

“అది అమ్మ పెట్టింది. నా నోటికి ఎప్పుడూ రాలా.” నేల చూస్తూ చెప్పాడు. “పెళ్ళిచూపుల్లో మీ నాన్న, ‘మా అమ్మాయి కోటిరత్నం’ అన్నాడు. అప్పట్నుంచీ నాకు అదే నువ్వు. అమ్మ ఉండంగా ఆ పేరెట్టా పిలవను? ఇంకో పేరుతో పిలవబుద్ధి కాలా. అందుకని...”

“అందుకని?”

“ఇదుగో అన్నా.”

పుట్టింటి నుంచి తెచ్చుకుని, ఎక్కడ పోగొట్టుకున్నానో కూడా మరచిపోయిన వస్తువును ఈయన ఇరవై రెండేళ్ళు ఎవరికీ చెప్పకుండా దాచిపెట్టాడు. ఎంత సంతోషం వేసిందో అంత ఒళ్ళు మండింది.

“మీ అమ్మ పోయి ఆర్నెల్లయిందిగా! అప్పుడైనా పిలవడానికేం?”

“అప్పటికి అలవాటైపోయింది. నువ్వెప్పుడూ ఎదురుగానే ఉంటివి. లేకుండా పోవడం ఇయ్యాలే గదా.”

కొంగుతో కళ్ళు తుడుచుకున్నాను. “సరే. ఇంకొక్కసారి అనండి” అన్నాను.

“ఎదురుగానే ఉన్నావుగా!” అన్నాడు.

ఈ మనిషిని ఏం చేయాలో మీరే చెప్పండి. ఆకుల కవరు ఏదని అడిగితే, నన్ను వెతుకుతూ ఎక్కడ పారేశాడో తెలియదన్నాడు. తిరుగు ప్రయాణమంతా నా కొంగు చివర ఆయన చేతిలోనే ఉంది. పేరు మాత్రం మళ్ళీ పలకలేదు. అన్నవరం దాటేటప్పుడు “ఇదుగో, మంచినీళ్ళు” అన్నాడు.

ఊరికొచ్చాక నేను ఒక పద్ధతి పెట్టుకున్నాను. ఆయనకు ఎదురుగా ఉండటం మానేశాను. ఆయన ఈ గట్టుమీద ఉంటే నేను ఆ గట్టుకు పోతాను. మొన్న మిరప నారు నాటుతుంటే నేనూ, మా ఎదురింటి పిచ్చమ్మ పిన్నీ చేను ఆ చివర వంగి ఉన్నాం. పిన్ని మా అత్తకు చిన్ననాటి స్నేహితురాలు. ఈ చివరనుంచి మా ఆయన, ముందు రెండుసార్లు ఇదుగో అని చూసి, నేను తలెత్తకపోయేసరికి పొలమంతా దద్దరిల్లేలా కేకేశాడు.

“కోటిరత్నమా! పంపు మూత ఎక్కడ పెట్టావూ?”

పిచ్చమ్మ పిన్ని చేతిలో నారుకట్ట జారిపోయింది.

“అదేందే? చచ్చిపోయినామెను అట్టా పిలుస్తాడేంది వీడు?”

“అత్తను కాదు పిన్నీ” అన్నాను నడుం ఎత్తి. “నన్నే. నా పేరది.”