మండె కట్టిన గడ్డి

ఆగస్టులో పని మొదలైన రోజు మైదానంలో ఉన్నవాళ్లం ఐదుగురం: నేను, కాకా, ట్రాక్టర్ నడిపే పాకిస్తానీ డ్రైవర్, గడ్డి కోసే ఇద్దరు బంగ్లాదేశీలు. ఉన్న సామాను: కోత యంత్రాలు రెండు, ఒకదాని బ్లేడు మొద్దు. నీళ్ల కంట్రోలర్ ఒకటి. నేలలోంచి పైకి లేచే స్ప్రింక్లర్లు ముప్పై ఐదు, వాటిలో తిరిగేవి ముప్పై ఒకటి. గడ్డి పెళ్లలు సరిచేసే ఇనుప ఫోర్కులు నాలుగు. మట్టిలో తేమ కొలిచే మీటరు ఒకటి. దాన్ని నేను తప్ప ఎవరూ ముట్టరు. ఉత్తరం వైపు గోల్‌పోస్టుల వెనక ఒక రేకుల షెడ్డు. అంతే.

సౌదీలో బురైదా శివారున, ఖర్జూరం తోటలు మొదలయ్యే చోట ఉన్న ఒక ఫుట్‌బాల్ క్లబ్బు మైదానం అది. ఆటగాళ్లు జీతానికి ఆడేవాళ్లు. లీగులో పద్దెనిమిది జట్లు, ఒక్కో జట్టుకు ముప్పై నాలుగు మ్యాచ్‌లు. చివరి మూడు జట్లు కింది లీగుకు పడిపోతాయి. మా ఐదుగురినీ అక్కడికి పంపింది ఒక మెయింటెనెన్స్ కంపెనీ. నేను డిప్లొమా చదివి ఇరిగేషన్ టెక్నీషియన్‌గా వచ్చాను. మాది జగిత్యాల వైపు.

కాకా నాకు చుట్టం కాదు. సిరిసిల్ల వైపు మనిషి, వయసు యాభై మూడు. ఇఖామాలో, అంటే అక్కడ ఉండి పని చేసేందుకు ఇచ్చే అనుమతి కార్డులో, ఆయన పని ‘లేబర్’ అని ఉంటుంది. కానీ గడ్డి విషయంలో క్లబ్బు మేనేజర్ కూడా ముందు ఆయన మొహమే చూసేవాడు. మైదానాల బాధ్యత చూసే ఆ సౌదీ మేనేజర్‌ని అందరం ముదీర్ అనేవాళ్లం.

కాకాకు ఆట తెలియదు. తొమ్మిది నెలలు అంచున కూర్చున్నా ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో తెలుసుకోలేదు. మ్యాచ్ జరుగుతుంటే బంతిని చూసేవాడు కాదు, బూట్లు ఎక్కడ దిగబడుతున్నాయో చూసేవాడు. విజిల్ పడగానే చెప్పులు విడిచి, ఫోర్కు పట్టుకుని లోపలికి నడిచేవాడు. ఆటగాళ్లు ఆయనకు నంబర్లే.

“గీ తొమ్మిదో నంబరోడు మనిషా, ఎద్దా?” అన్నాడు మొదటి మ్యాచ్ అయ్యాక, పెళ్ల లేచిన చోట మోకాళ్ల మీద కూర్చుని.

“రెండు గోల్స్ కొట్టిండు కాకా.”

“కొట్టనీ. ఎద్దయితె సాలు తీస్తది, సక్కగ ఉంటది. వీడు గుంతలు తీస్తుండు.”

మొదటి ఐదు మ్యాచ్‌లలో నాలుగు గెలిచాం, ఒకటి డ్రా. ‘గెలిచాం’ అని రాస్తున్నాను. మేం జట్టులో ఎవరమూ కాదు. అయినా రూములో అందరం అలాగే అనేవాళ్లం. ఆ వారాల్లో ముదీర్ మాకు ఖర్జూరం పెట్టె పంపాడు. తరవాత తొమ్మిది మ్యాచ్‌లు ఒక్క గెలుపు లేదు. మూడు డ్రాలు, ఆరు ఓటములు. కోచ్ వెళ్లిపోయాడు. మా డ్రైవర్ కాకాను ఆటపట్టించేవాడు: “చాచా, తుమ్హారీ ఘాస్ జీత్ రహీ హై, టీమ్ హార్ రహీ హై.” నీ గడ్డి గెలుస్తోంది, జట్టు ఓడుతోంది అని. కాకాకు ఉర్దూ అర్థమయ్యేది గానీ జవాబు తెలుగులోనే ఇచ్చేవాడు. “నీ ట్రాక్టర్ తోలు నువ్వు.”

డిసెంబరులో ముదీర్ నన్ను ఆఫీసుకు పిలిచాడు. కాంట్రాక్టు కాగితం నా ముందు పెట్టి ఇంగ్లిషులో నిదానంగా చెప్పాడు. జట్టు ఈ లీగులోనే ఉంటే వచ్చే ఏడాది కూడా ఐదుగురు. కిందికి పడితే ముగ్గురు. యాభై దాటినవాళ్ల ఇఖామా కంపెనీ పొడిగించదు, క్లబ్బు ప్రత్యేకంగా అడిగితే తప్ప. మా ఐదుగురిలో యాభై దాటింది కాకా ఒక్కడే.

ఆ మాట నేనే ఆయనకు చెప్పాను. షెడ్డు ముందు కూర్చుని ఫోర్కు పళ్లకు అంటిన మట్టి గీకుతున్నాడు. గీకుతూనే అడిగాడు:

“ఇంకెన్ని ఆటలున్నయి?”

“ఇరవై.”

“ఎన్ని గెలవాలె?”

“ఎనిమిదన్న గెలవాలె.”

“నేను ఇంటికి పోయి ఏం జెయ్యాలె, బిడ్డా?” అన్నాడు. ఫిర్యాదులా కాదు, లెక్క అడుగుతున్నట్టు. వాళ్ల ఊరు రిజర్వాయరు కింద మునిగింది. పరిహారం వచ్చింది, కాలనీలో ఇల్లు వచ్చింది, అందులో ఆయన భార్య ఉంటోంది, కొడుకు హైదరాబాదులో పని చేసుకుంటున్నాడు. కష్టం ఏమీ లేదు. “ఇల్లున్నది. బువ్వున్నది. కాలు వెట్టెతందుకు మన్ను లేదు. అంత సిమెంటే. పొద్దుగాల లేచి ఆ అరుగు మీద కూసోవాలె, మల్ల పొద్దుగూకెదాక.” ఒక్క ఏడాది కాదు, ఒంట్లో ఓపిక ఉన్నంతవరకు ఆ మైదానంలోనే ఉండాలనేది ఆయన కోరిక. దాన్ని ఆయన ఎప్పుడూ మైదానం అనలేదు. ‘మడి’ అనేవాడు.

జనవరిలో కొత్త కోచ్ వచ్చాక ఆరు మ్యాచ్‌లలో నాలుగు గెలిచాం. కాకా మొదటిసారి స్కోరు అడగడం మొదలుపెట్టాడు. నేను షెడ్డు తలుపు లోపలి వైపు పట్టిక గీశాను: తేదీ, ప్రత్యర్థి, ఫలితం, పాయింట్లు, నేల తేమ. ఆయన చదవలేడు. గెలిచిన గడిలో ఆకుపచ్చ గీత, ఓడిన గడిలో ఎరుపు గీత పెట్టమన్నాడు. ఆ తరవాతి పదమూడు మ్యాచ్‌లలో ఆకుపచ్చ గీత ఒక్కటే పడింది. ఐదు డ్రాలు, ఏడు ఎరుపులు. చివరి మ్యాచ్ మా మైదానంలో. గెలిస్తే నలభై పాయింట్లతో ఈ లీగులోనే ఉంటాం. గెలవకపోతే పడిపోతాం. అంత స్పష్టంగా ఉంది.

చివరి మ్యాచ్‌కు పన్నెండు రోజుల ముందు ఉత్తరం వైపు గోల్ ముందు నేల బోడిగా అయిపోయింది. కారణం చెప్పాలి. అక్కడ ఉండే అసలు గడ్డి చలికాలంలో ఎండినట్టు పడుకుంటుంది కాబట్టి, అక్టోబరులో దాని మీద చలికి పెరిగే రై గడ్డి విత్తనం చల్లుతాం. మే వచ్చేసరికి రై గడ్డి మాడిపోతుంది, అసలు గడ్డి ఇంకా పూర్తిగా లేవదు. ఆ మధ్య కాలంలో ఎక్కువ తొక్కుడు పడే చోట మట్టి బయటపడుతుంది. గోల్ ముందు ఆరు మీటర్ల పొడవు, మూడు మీటర్ల వెడల్పు మచ్చ.

విత్తనం కంపెనీ కాగితం ప్రకారం మొలకకు ఏడు నుంచి పది రోజులు. వేరు పట్టడానికి ఇంకా రెండు వారాలు. కుదరదని చెప్పాను.

“మండె కడ్దాం,” అన్నాడు కాకా.

వరి నారు పోసే ముందు మావైపు చేసే పని అది. వడ్లను నీళ్లలో నానబెట్టి, తడి గోనెసంచిలో కట్టి, బరువు పెట్టి, వెచ్చగా ఉంచితే సంచిలోనే మొలక వస్తుంది. ఆ మొలకనే మడిలో చల్లుతారు. గడ్డి విత్తనానికి అలా చేస్తారని నాకు తెలియదు. వెతికితే, వేరే దేశాల మైదానాల్లో కూడా చేస్తారని కనిపించింది. కాకా దేన్నీ వెతకలేదు. బియ్యం గోనెసంచులు రెండు కడిగి, విత్తనం ఒక పగలు, ఒక రాత్రి నానబెట్టి, కట్టి, షెడ్డులో రాళ్ల కింద పెట్టాడు. పూటకోసారి చెయ్యి లోపలికి పెట్టి వేడి చూసేవాడు. ఎక్కువ వేడెక్కితే విప్పి నీళ్లు చిలకరించేవాడు. డ్రైవర్ ముక్కు మూసుకున్నాడు. “చాచా, యే క్యా పకా రహే హో?” ఏం వండుతున్నావని.

“నీ పెండ్లికి పరమాన్నం.”

మూడో రోజు విత్తనం కొసన తెల్లటి చుక్కలు వచ్చాయి. ఇసుకలో కలిపి చల్లి, పైన పలచగా ఇసుక కప్పి, నీడకు వల కట్టాడు. బయట నలభై రెండు డిగ్రీలు. రోజుకు ఆరుసార్లు, ఒక్కోసారి మూడు నిమిషాలు నీళ్లు పడేలా నేను కంట్రోలర్‌లో ఆ ఒక్క స్ప్రింక్లర్‌కు వేరే ప్రోగ్రాం పెట్టాను. చల్లిన ఐదో రోజుకు మచ్చ కనిపించలేదు. ముదీర్ వచ్చి ఫొటో తీసుకున్నాడు. “మాషా అల్లా,” అని కాకా భుజం తట్టాడు. ఆ రోజు కాకా రెండు పూటలూ వంట తనే చేశాడు.

మ్యాచ్‌కు రెండు రోజుల ముందు ఆయన మచ్చ మీద చెప్పులు లేకుండా నిలబడి, మడమ అటూ ఇటూ తిప్పి చూశాడు.

“ఇగ నీళ్లు బంద్ వెట్టు బిడ్డా. మొలక నిలవడ్డది. పైన మన్ను జిగట పట్టింది. రెండు రోజులు ఎండ తగలాలె.”

నేను మీటరు దించాను. పద్దెనిమిది శాతం చూపించింది. ఇరవై రెండు దాటితేనే మెత్తబడుతుందని నా పట్టికలో ఉంది.

“పద్దెనిమిదే ఉన్నది కాకా. ఇప్పుడు ఆపితె ఈ ఎండకు మొలక మాడుతది.”

“నీ మిషన్‌కు పాదాలున్నయా?”

“పాదాలెందుకు, నంబరున్నది కద.”

“చెప్పులు ఇడిచి ఒక్కసారి నిలవడు, ఇంజినీర్ సాబ్. ఒక్కసారి.”

నేను నవ్వాను. నిలబడలేదు. ఆయన ఇంకోసారి చెప్పలేదు. కంట్రోలర్ పెట్టె తాళం నా దగ్గర ఉంటుంది. ప్రోగ్రాం అలాగే ఉంచాను. మ్యాచ్ రోజు మధ్యాహ్నం వరకు నీళ్లు పడ్డాయి.

పొద్దుగూకాక చేసే మగ్రిబ్ నమాజు అయ్యాక ఆట మొదలైంది. ఎండ లేదు కాబట్టి నేల ఆరే అవకాశం కూడా లేదు. ముప్పై ఎనిమిదో నిమిషంలో తొమ్మిదో నంబరు ఆటగాడు గోల్ కొట్టాడు. సగం ఆట అయ్యాక జట్లు వైపులు మారాయి. మా గోల్‌కీపర్ ఉత్తరం వైపుకు వచ్చాడు. నేనూ కాకా గోల్ వెనక షెడ్డు దగ్గర ఫోర్కులతో నిలబడ్డాం. ఆ రోజు ఆయన బంతినే చూస్తున్నాడు. పిడికిళ్లు బిగించి, అవతలివాళ్లు మా వైపు వచ్చినప్పుడల్లా “పో, పో” అంటున్నాడు.

ఎనభై రెండో నిమిషంలో కుడి వైపు నుంచి బంతి నేలబారుగా వచ్చింది. పెద్ద వేగం లేదు. మా గోల్‌కీపర్ ఎడమ కాలు ఊని దూకబోయాడు. కాలి కింద గడ్డి చాప చుట్టినట్టు లేచి వచ్చేసింది. ఆయన పక్కకు కాకుండా వెనక్కి పడ్డాడు. బంతి ఆయన చేతికి జానెడు దూరంలోంచి లోపలికి వెళ్లింది.

కాకా లేచిన ఆ గడ్డి ముక్కను చూస్తున్నాడు. దాని కింద వేళ్లు తెల్లగా, పొట్టిగా కనిపిస్తున్నాయి.

ఆట ఒకటి ఒకటితో ముగిసింది. మాకు పైనున్న జట్టు ఓడిపోయి ముప్పై తొమ్మిది పాయింట్ల దగ్గర ఆగిపోయింది. మాకు ముప్పై ఎనిమిది. ఆటగాళ్లు ఉన్నచోటే కూలబడ్డారు. కాకా వాళ్ల మధ్యలోంచి నడిచి వెళ్లి, లేచిన పెళ్లను రెండు చేతులతో తిరిగి పరిచి, అరచేత్తో అదిమాడు. గోల్‌కీపర్ పోస్టుకు ఆనుకుని ఏడుస్తున్నాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు.

మర్నాడు ఉదయం నేను మీటరుకు పొడుగు సూదులు తీసి పొట్టివి బిగించాను. పొడుగు సూదులు పన్నెండు సెంటీమీటర్ల లోతు వరకు సగటు చెబుతాయి. కింద ఇసుక ఆరి ఉంటే పైన బురద ఉన్నా నంబరు తక్కువే వస్తుంది. ఆ సంగతి నాకు చదువులోనే చెప్పారు. పొట్టి సూదులతో ముప్పై ఒకటి వచ్చింది. తరవాత చెప్పులు విడిచి నిలబడ్డాను. మడమ జారింది.

ముప్పై నాలుగు మ్యాచ్‌ల సీజన్‌లో ఒక్క జారుడు వల్లే జట్టు పడిపోయిందని నేను అనను. మార్చిలో పెనాల్టీ బయటికి కొట్టారు, ఏప్రిల్‌లో పదిమందితో ఆడి ఓడారు. అవి నావి కావు. ఇది నాది.

రెండో రోజు ముదీర్ పిలిచాడు. నా రిపోర్టు ఆయన టేబుల్ మీద ఉంది. పద్నాలుగు అంశాలు: విత్తన పరిమాణం, నీటి సమయాలు, ఉష్ణోగ్రత, మీటరు రీడింగులు, అన్నీ సరైనవే. కాకా ఆపమన్నాడన్నది మాత్రం అందులో లేదు.

“కోచ్ ఆ ముసలాయన విత్తనం వల్లే అంటున్నాడు,” అన్నాడు ముదీర్. “నిజమేనా? నేను కంపెనీని అడిగి ఆయన్ని ఉంచుదామనుకున్నాను.”

“విత్తనం బాగానే మొలిచింది సార్,” అన్నాను.

“మరి?”

నాకు జవాబు తెలుసు. నా ఇఖామాకు అప్పటికి నాలుగు నెలల గడువే ఉంది. “అప్పుడప్పుడు జరుగుతుంది,” అన్నాను. ముదీర్ తల ఊపి, ముగ్గురి పేర్ల కాగితం మీద సంతకం పెట్టాడు: నేను, డ్రైవర్, ఒక బంగ్లాదేశీ.

దేశం వదిలి వెళ్లే ఎగ్జిట్ కాగితాలు వచ్చిన రోజు కాకా తన ఫోర్కును కడిగి ఆరబెడుతున్నాడు. నేను పక్కన కూర్చున్నాను.

“కాకా, నీళ్లు నేనే బంద్ పెట్టలె.”

“నాకు తెల్వదా? మడి కాడ ఉన్నది మనిద్దరమే.”

“ఆ సంగతి రిపోర్టుల రాయలె.”

ఆయన ఫోర్కు తిప్పి రెండో వైపు ఎండకు పెట్టాడు. “మంచిగయింది. రాస్తె నిన్ను గూడ తోలుదురు. ఇద్దరం పోయి ఆ అరుగు మీద కూసుంటుంటిమి,” అని కొంచెం నవ్వాడు. తరవాత, “పైకి మాడినట్టు కనవడుతదిగని అసలు గడ్డి లేస్తది. జూన్ పదిహేను దాటినంక చూడు. తొందరపడి నీళ్లు కొట్టకు,” అన్నాడు.

ఆయన వెళ్లాక మైదానం ఉత్తరం వైపు పని నాకు పడింది. రోజూ ఉదయం చెప్పులు విడిచి చూస్తున్నాను. ఒకరోజు మధ్యాహ్నం షెడ్డులో కూర్చుని ముదీర్‌కు ఉత్తరం టైపు చేశాను. పదిహేనో అంశం ఒక్కటే: మ్యాచ్‌కు రెండు రోజుల ముందు నీళ్లు ఆపమని కాకా చెప్పాడు, నేను ఆపలేదు. కింద సంతకం పెట్టి, ఆఫీసులో ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకున్నాను. ముదీర్ చదివి ఫైలులో పెట్టాడు. ఎగ్జిట్ పడిన మనిషిని మళ్లీ పిలవాలంటే కొత్త వీసా కావాలి, యాభై దాటితే కంపెనీ తీయదు అన్నాడు.

ఉత్తరం ఇచ్చిన రోజుకు కాకా వెళ్లి పదకొండు రోజులు.