చీకటైంది కదా, అమ్మా

మస్కట్ దగ్గర సీబ్‌లో నేను వంటచేసిన ఇంటి సార్ బొంబాయి యూదుడు. రోజుకు మూడు ప్రార్థనలు. శుక్రవారం పొద్దుగుంకే వేళకు ఇంకో ఐదారుగురు ప్రార్థనకు వచ్చేవాళ్లు. ఆ వేళ వారం వారం మారేది. ఫ్రిజ్ మీది కాగితం చూసుకుని అంతలోపు నేను పొయ్యి ఆర్పాలి. ఆ తర్వాత శనివారం చీకటిపడేదాకా వాళ్లు స్విచ్ ముట్టరు, అది వాళ్ల మతనియమం. లైట్లు ఊరికే వెలుగుతుంటే నాకు ఒళ్లు మండేది.

ఒక శుక్రవారం పొద్దుగుంకాక, హాల్లో ఎవరూ లేరని అలవాటుకొద్దీ లైటార్పేశాను. వాళ్లొచ్చి పుస్తకాలు పట్టుకుని నిలబడ్డారు.

“చీకటైంది కదా, అమ్మా,” అన్నాడు సార్ హిందీలో. శుక్రవారమొస్తే ఏదడిగినా ఇట్లా డొంకతిరుగుడే.

“లైటెయ్యమని చెప్పు సార్. నోరేమన్నా అరిగిపోతాదా?”

“ఈ పూట అట్లా చెప్పకూడదు.”

“అట్లయితే చీకట్లోనే ఉండండి.”

నేను వెయ్యలేదు. ఆయన నోటికి వచ్చినంతవరకు చదివి, మధ్యలో ఆగిపోయాడు. తర్వాతి మాట ఎవరికీ గుర్తురాలేదు. ప్రార్థన అక్కడే నిలిచిపోయింది.

మరుసటి శుక్రవారం ఎండ ఉండగానే ఆ స్విచ్ మీద అడ్డంగా టేపు అంటించి ఉంది. నాతో ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే ఎప్పుడో మర్చిపోయేదాన్ని. ఆ టేపును మాత్రం ఇప్పటికీ క్షమించలేదు.