నేవీకి హామీ పెట్టిన తోట

1984 మే 14, సోమవారం, ఉదయం తొమ్మిదింబావుకు రెవెన్యూ ఇన్‌స్పెక్టరు గారు నూజివీడు నుంచి స్కూటరు మీద వచ్చి మా మామిడితోట గేటు దగ్గర దిగారు.

మా తమ్ముడికి విశాఖపట్నంలో, నేవీ జీతాలు పంచే ఆఫీసులో ఉద్యోగం వచ్చింది. డబ్బు పట్టుకునే ఉద్యోగం కనుక పూచీ బాండు అడిగారు. వాడి చేతిలో లెక్క తగ్గితే మా ఆరెకరాల తోట జవాబు చెప్పాలి. మావారు సంతకం చేశారు. తోట మాదేనని, తగిన విలువ చేస్తుందని ఇన్‌స్పెక్టరు గారు చూసి రాస్తేనే బాండు ఆమోదిస్తారు. బుధవారంలోగా అది విశాఖ చేరకపోతే ఉద్యోగం తరువాతివాడికి పోతుంది.

మేం ఆలోచించని సంగతి ఒకటుంది. ఆ ఏటి కాపును పూత మీదే హనుమాన్ జంక్షన్ షావుకారుకు అమ్మేశాం. అలా అమ్మాక ఆఖరి కాయ కోసేదాకా సొంతదారు తోటలో అడుగుపెట్టకూడదని మా ఊరి కట్టుబాటు.

షావుకారు పెట్టిన కాపలా ముసలమ్మ గేటుకు కర్ర అడ్డం పెట్టింది.

“నేనెవరో తెలీదా?” అన్నారు మావారు.

“తెలుసు బాబుగారూ. తెలుసు గనకే ఆపాను.”

“ఇది నా తోటే!”

“చెట్లు మీయే. కాయలు మా షావుకారుగారియ్యి.”

ఇన్‌స్పెక్టరు గారు కళ్లజోడు తుడుచుకున్నారు. “ఏవండీ, మిమ్మల్నే రానివ్వని తోటలోకి రేపు నేవీవాళ్లను రానిస్తుందంటారా? ఏమని రాయమంటారు?”

మా వెంట వచ్చిన తమ్ముడు నా వంక చూశాడు.

“పోనీ, ఇన్‌స్పెక్టరు గారినొక్కరినీ లోపలికి పంపు” అన్నాను ముసలమ్మతో.

“ఆయన రావచ్చమ్మగారూ. ఆయనకేం తెలుసు? మీకైతే ఏ చెట్టు కాయ తీపో తెలుసు. మీరిక్కడే ఉండండి.”

ముగ్గురం ఎండలో నిలబడ్డాం. లోపలి నుంచి “ఇదేం కాయమ్మా?” అని ఆయన గొంతు, “చిన్న రసమండీ, తిని చూడండి” అని ఆమె గొంతు చెట్టు చెట్టుకీ వినిపించాయి. తమ్ముడు ఆత్రం పట్టలేక ముళ్లకంచె ఎక్కబోయి, కొత్త ప్యాంటు మోకాలి దాకా చీల్చుకున్నాడు.

ఇన్‌స్పెక్టరు గారు నిండు సంచితో బయటికొచ్చారు. మోచేతుల దాకా రసం కారుతోంది.

“చెట్లు మీవేనని మీ మీద కర్రెత్తిన మనిషే చెప్పింది. ఇంతకంటే సాక్ష్యమేం కావాలండీ?” అంటూ గేటు మీదే కాగితం పెట్టి సంతకం చేశారు.

బుధవారం పొద్దున్నే బాండు విశాఖ చేరింది. తమ్ముడు ఉద్యోగంలో చేరాడు.

పోయినవి: ఇన్‌స్పెక్టరు గారు తిన్న రసాలు ఎనిమిది, సంచిలో పట్టుకెళ్లినవి రెండు డజన్లు. మా ఇంటివాడకానికి ఇస్తానన్న వంద కాయల్లోంచి షావుకారు ఆ ముప్పై రెండూ తగ్గించుకున్నాడు. ప్యాంటు ఒకటి.